యంత్రపు దుబాసీ యెవరి కొలువులో నున్నాడు?

బేగంబజారులో ఇత్తడి, రాగి పాత్రల టోకు వ్యాపారము చేయు నొక వర్తకుని కొట్టులో గత సంవత్సరము జరిగిన సంగతి నొకదానిని ముందుగా మనవి చేసెదము. ఆయన తన చిట్టా, ఖాతా, సరుకు నిలువల లెక్కల కొరకు ఒక యువకునిచేత ప్రత్యేకముగా నొక ప్రోగ్రామును వ్రాయించుకొనెను. యువకుడు బుద్ధిమంతుడు, శ్రద్ధ గలవాడు. తన యింటి కంప్యూటరుపై ఆ ప్రోగ్రాము నిమిషము జాగు లేక పనిచేసెను. కొట్టులోని కంప్యూటరుపై నెక్కించి మీట నొక్కగానే, తనకు తెలియని ఆజ్ఞ వచ్చినదని తెరపై నొక్క పంక్తి కనబడి అంతయు నిలిచిపోయెను. ధనత్రయోదశి సమీపించుచుండెను, పాత్రల వ్యాపారమున కంతకు మించిన అదను వేఱొకటి లేదు. గుమాస్తా గొణుగుకొనుచు ఎఱ్ఱ అట్ట ఖాతా పుస్తకమును మరల తెరచెను.

యంత్రము పాతదై యుండునని మేమును తలచితిమి. కాదు, కొని నాలుగేండ్లైనను కాలేదు. ప్రోగ్రాములో తప్పున్నదేమో యని యువకుడు రెండు రాత్రులు వెదకెను, తప్పు లేదు. తుదకు తేలిన దేమనగా, ఆతడు తన కంపైలరునకు ‘మార్చ్ నేటివ్’ అను నొక మాట చెప్పియుండెను. ‘నీవిప్పుడు నిలిచియున్న యీ యంత్రమున కెంత శక్తి గలదో అంతయు వాడి వ్రాయుము’ అని దాని యర్థము. కంపైలరు యజమాని మాట జవదాటక అట్లే వ్రాసెను. యువకుని యంత్రము ఖరీదైనది. వర్తకుని యంత్రము చౌక రకము. మొదటిదానికి తెలిసిన ఆజ్ఞలు రెండవదానికి తెలియవు.

ఈ చిన్న సంగతి వెనుక పెద్ద ప్రశ్న యొకటి కలదు. దానిని మన పాఠకులు యంత్రశాస్త్రజ్ఞుల కలహమని త్రోసివేయరాదు. నేడు మన పట్టాదారు పాసుపుస్తకము మొదలు మిల్లు లెక్కల వరకు సర్వము కంప్యూటరు గుండానే నడచుచున్నది గదా.

కంపెనీవారి దినములలో దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీ లుండెడివారు. దొర చెప్పినది వర్తకునకు తెలియదు, వర్తకుడు చెప్పినది దొరకు తెలియదు. నడుమ నున్నవాడు చెప్పినదే మాట. ఎందఱి ఆస్తులు ఆ నడిమివాని నాలుకపై మారినవో మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనెడివారు. కంపైలరు అట్టి దుబాసీయే. మనుష్యుడు తనకు బోధపడు భాషలో ప్రోగ్రాము వ్రాయును. ప్రాసెసరునకు తెలిసినవి అంకెల రూపమున నుండు ఆజ్ఞలు మాత్రమే. ఒకదానిని రెండవదానిలోనికి మార్చునది కంపైలరు. ఒకే భావమును పది విధముల చెప్పవచ్చును గనుక, ఏ ప్రాసెసరును మనస్సులో నుంచుకొని చెప్పవలెనన్నది ఈ దుబాసీ నిర్ణయింపవలసిన మొదటి విషయము.

ఒకే వంశపు ప్రాసెసరులన్నియు నొకే భాష మాటాడినను మాండలికములు వేఱు. తెలంగాణపు మాట సర్కారు జిల్లాలవానికి తెలియకున్నచో సందర్భమునుబట్టి ఊహించుకొనును, లేదా మరల అడుగును. యంత్రమున కూహ లేదు. తెలియని మాట చెవినబడిన తక్షణమే పని మానివేయును.

పూర్వ మీ చిక్కు లేకుండెను. 1957లో ఐ.బి.ఎం. వారు ఫోర్‌ట్రాన్ కంపైలరును వెలువరించినపుడు అది వారి 704 యంత్రము కొరకే పుట్టినది. యంత్రము, దుబాసీ ఒక్క యింటి బిడ్డలు. మన హైదరాబాదుననే 1967లో స్థాపితమై, అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున వర్ధిల్లిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించిరి. ట్రాంబే అణు పరిశోధనాలయపు పేరే ఆ మొదటి అక్షరములోనిది. దాని కొరకు వ్రాసిన ప్రోగ్రాము దానికే. ఎవరిని ఉద్దేశించి వ్రాయవలెనను సందేహమునకు తావే లేదు.

యంత్రములు అంగడి సరుకులై, ఒకే వంశములో వందల రకములు పుట్టిన తరువాత చిక్కు వచ్చెను. ఇంటెల్ వారి 8086 పుట్టినది 1978లో. ఆ వంశమునకు అరువది నాలుగు బిట్ల రూపము నిచ్చినవారు ఏ.ఎం.డి. వారు, ఆ మొదటి ప్రాసెసరులు 2003లో అమ్మకమునకు వచ్చినవి, మరుసటి యేడు ఇంటెల్ వారును ఆ త్రోవనే పట్టిరి. అటుపిమ్మట ఏటేట క్రొత్త ఆజ్ఞలు చేరుచు వచ్చినవి. 2003 నాటి యంత్రము ముప్పదిరెండు బిట్ల సంఖ్యలను నాలుగింటిని ఒక్క పట్టున కూడగలదు; 2013లో ఇంటెల్ వారు తెచ్చిన ఏ.వి.ఎక్స్.-2 ఆజ్ఞలతో ఎనిమిదింటిని కూడవచ్చును. ఈ గందరగోళమునకు హద్దులు గీయుటకై ఇంటెల్, ఏ.ఎం.డి., రెడ్ హ్యాట్, సూసే సంస్థలవారు 2020లో కూడబలుకుకొని నాలుగు మెట్ల నేర్పరచిరి. మొదటి మెట్టు 2003 నాటిది. రెండవది ఇంచుమించుగా 2008 నాటిది. మూడవది 2013 నాటిది. నాల్గవది ఒక్క పట్టున పదునాఱు సంఖ్యలను చేపట్టు పెద్ద యంత్రములది.

వృద్ధులైన పాఠకులకు హాలీ, కల్దారు నాణెముల కాలము జ్ఞాపకముండవచ్చును. నిజాం అలీఖాను భార్య హుందా బేగము వర్తకులకు దయచేసిన భూమిపై వెలసిన యీ బజారులో ఒకప్పుడు రెండు రూపాయలకును రెండు లెక్కలు. ఏడు హాలీ రూపాయలు ఆఱు కల్దారులకు సమానము. హాలీ 1959 నాటికి చెలామణి నుండి పూర్తిగా తొలగినది. అంతవరకు కల్దారు మాత్రమే పుచ్చుకొందునని భీష్మించిన వర్తకుడు పల్లెనుండి వచ్చిన రైతును పోగొట్టుకొనును. హాలీ మాత్రమే పుచ్చుకొన్నవానికి బొంబాయి బేరము దక్కదు. తెలివిగలవాడు ముందు చేత నున్న నాణెమేదో చూచి పిదప ధర చెప్పెడివాడు.

కంపైలరు విషయమునను ఇట్టి మూడు మార్గములే కలవు. మొదటి మెట్టునకు వ్రాసినచో ప్రోగ్రాము ఎల్లయెడల నడచును, క్రొత్త యంత్రపు శక్తి మాత్రము కొంత వృథా యగును. మూడవ మెట్టునకు వ్రాసినచో వేగము హెచ్చును, క్రింది మెట్టువారికి తలుపు మూతబడును. ఇక మూడవ మార్గము: వేగము నిజముగా కావలసిన భాగములను మాత్రము రెండు మూడు విధముల వ్రాసి యుంచి, ప్రోగ్రాము మొదలగునపుడు ఎదుటి ప్రాసెసరును ప్రశ్నించి తగిన దానిని నడుపుట. జి.సి.సి. కంపైలరు 2016 నుండి ఒక్క మాటతో ఈ పని చేసిపెట్టుచున్నది. గ్రంథాలయములవంటి సామాన్య భాగములను మెట్టు మెట్టునకు వేఱుగా నుంచి ఎన్నుకొను ఏర్పాటు 2021 నుండి లైనక్సులో కలదు. కొంత చోటు హెచ్చుగా పట్టుట తప్ప దీనివలన నష్టము మాకు కనబడదు.

అయినను పెద్ద సంస్థలు రెండవ మార్గమునే త్రొక్కుచున్నవి. రెడ్ హ్యాట్ వారి తొమ్మిదవ కూర్పు 2022లో రెండవ మెట్టును, పదియవ కూర్పు 2025లో మూడవ మెట్టును తప్పనిసరి చేసినవి. ‘పదేండ్లు దాటిన యంత్రములను ఎంతకాలము మోయగలము?’ అని వారి వాదము. మోయుట కష్టమే, మేము కాదనము. కాని యీ వాదములో దాగిన పొరపాటు బేగంబజారు కొట్టులో బయటపడినది. మెట్టునకు సంవత్సరము పేరు పెట్టుటచే ఇది వయస్సు ప్రశ్న యని భ్రమ గలుగుచున్నది. నిజమునకు వెల ప్రశ్న. ఇంటెల్ వారు 2013 తరువాతను పెంటియం, సెలెరాన్ పేర్లతో అమ్మిన చౌక ప్రాసెసరులకు ఏ.వి.ఎక్స్. ఆజ్ఞల నీయలేదు. 2020లో వెలువడిన పదవ తరపు సెలెరానులకును అవి లేవు. అనగా 2013లో ఎక్కువ సొమ్ము పెట్టినవాని యంత్రము లోపల, 2020లో తక్కువ సొమ్ము పెట్టినవాని యంత్రము వెలుపల! పాఠశాలలకు, చిన్న కొట్లకు, గ్రామ కార్యాలయములకు చేరునవి ఈ రెండవ జాతివే యని వేఱుగ చెప్పనేల? ఆల్మాలైనక్స్ వారు మాత్రము తమ పదియవ కూర్పును రెండవ మెట్టునకు సైతము విడిగా కట్టి యిచ్చుచున్నారు. వారిని మెచ్చుకొనవలెను.

ఇంకొక సూక్ష్మము కలదు. ఏ ఆజ్ఞలను వాడవలెననుట ఒకటి. వాడిన ఆజ్ఞలను ఏ వరుసలో పేర్చవలెననుట మఱియొకటి. ఈ రెండవదానిని జి.సి.సి.లో ‘ట్యూన్’ అందురు. వరుస మారినందున ఏ యంత్రమును ఆగిపోదు. ఒకదానిపై కొంచెము చుఱుకుగా, మఱియొకదానిపై కొంచెము మందముగా నడచును. ఎవరి పేరును చెప్పకున్నచో కంపైలరు ‘అంగడిలో సర్వసాధారణమైన ప్రాసెసరులకు’ అనుకూలముగా పేర్చును. అంగడి మారినకొలది ఆ పేర్పును మారునని దాని గ్రంథముననే చెప్పబడినది. ఏ అంగడి? ఆ పేర్పును నిర్ణయించు వారిలో ప్రాసెసరులు తయారుచేయు సంస్థల యింజనీర్లు పెక్కుమంది యున్నారు. తమ క్రొత్త సరుకుకు తగిన సవరణలను వారే పంపుదురు. అందు కపట మున్నదని మేము చెప్పుట లేదు. కాని అమీర్‌పేటలో సెకండుహ్యాండు యంత్రము కొనుక్కొన్న విద్యార్థి తరఫున సవరణ పంపువా డెవడును లేడు.

కపట మున్న చోటును చెప్పుకొందము. ఇంటెల్ వారు స్వయముగా నొక కంపైలరును తయారుచేసి యమ్మిరి. అది యుత్పత్తి చేసిన ప్రోగ్రాము, పైన చెప్పిన మూడవ మార్గమునందువలెనే, ఎదుటి ప్రాసెసరును ప్రశ్నించెడిది. అయితే ‘నీకే ఆజ్ఞలు వచ్చును?’ అని ప్రశ్నించి యూరకుండక ‘నీ వెవరి బిడ్డవు?’ అని కూడ అడిగెడిది. ప్రతి ప్రాసెసరు లోపలను తయారీదారు పేరు పండ్రెండక్షరములలో చెక్కబడి యుండును. ఆ పేరు ఇంటెల్ కానిచో, క్రొత్త ఆజ్ఞలన్నియు తెలిసినదైనను, దానిని మందమైన పాత మార్గమున నడిపించెడిది. ఈ సంగతిని డెన్మార్కు దేశస్థుడైన ఆగ్నర్ ఫాగ్ మొదలగు పరిశోధకులు పట్టి బయటపెట్టిరి. 2005లో ఏ.ఎం.డి. వారు వేసిన వ్యాజ్యములో ఇదియు నొక యారోపణ. 2009 నవంబరులో ఇంటెల్ వారు నూట యిరువదియైదు కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడిరి. అదే సంవత్సరము డిసెంబరులో అమెరికా వాణిజ్య సంఘము ఫిర్యాదు చేసెను. 2010 ఒడంబడికలో తమ కంపైలరు పరుల ప్రాసెసరులకు తక్కువ సేవ చేయవచ్చునని కొనుగోలుదారులకు తెలియజేయుటకు ఇంటెల్ వా రొప్పుకొనవలసి వచ్చెను. విద్యను చూడక పుట్టుకను చూచు దురాచార మెట్టిదో మన దేశస్థులకు క్రొత్తగా నేర్పనక్కరలేదు. అది సిలికాను పలకపై సైతము వెలయుట చూచి మా కాశ్చర్యమును గలిగినది, కొంత నవ్వును వచ్చినది.

దీనికి విరుగు డేమి? దుబాసీని మన కొలువులో నుంచుకొనుటయే. 1987లో రిచర్డు స్టాల్‌మను జి.సి.సి.ని వెలువరించి దాని మూలమును లోకమునకు విడిచిపెట్టెను. లోపలి నడక తెలిసిన దుబాసీ మోసగింపలేడు. మన దేశమునను ఈ యెఱుక కలిగినది. అంతరిక్ష సంస్థ వారి విక్రమ్ 3201 అను ముప్పదిరెండు బిట్ల ప్రాసెసరు చండీగఢ్‌లోని ప్రభుత్వ కర్మాగారమున తయారైనది. 2024 డిసెంబరున శ్రీహరికోట నుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి. సి-60 యాత్రలో అది పరీక్షకు నిలిచినది. దాని ఆజ్ఞల వరుస మనదే. కావున పరుల కంపైలరు దానికి పనికిరాదు. అడా భాషకు కంపైలరును, తక్కిన పనిముట్లను అంతరిక్ష సంస్థవారే వ్రాసికొనిరి. ప్రాసెసరును చేసి దుబాసీని చేయకున్నచో గుఱ్ఱమును కొని కళ్లెమును అరువు తెచ్చుకొన్నట్లుండెడిది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. వారు 2020లో ప్రకటించిన ఐ.ఆర్.-టు-వెక్ అను పద్ధతి, ప్రోగ్రాము స్వభావమును అంకెలలో పట్టి, దానిని సామాన్య ప్రాసెసరుపై నడుపవలెనా, చిత్రములకై పుట్టిన గ్రాఫిక్సు ప్రాసెసరుపై నడుపవలెనా యని కంపైలరు తానే ఊహించుటకు తోడ్పడును. ఇట్టి పని మన గడపలోనే జరుగుచున్నదని యెందఱికి తెలియును?

ప్రభుత్వమువారికి మా మనవి యొక్కటి. ప్రజల సొమ్ముతో వ్రాయించు ప్రతి ప్రోగ్రామునకు, అది ఏ మెట్టు ప్రాసెసరుపై నడచునో ఒప్పంద పత్రములోనే వ్రాయింపవలెను. మూలప్రతిని గుత్తేదారు వద్ద నుంచక తాము పుచ్చుకొనవలెను. గణితము మిక్కుటమైన వాతావరణ శాఖ వంటి చోట్ల నాల్గవ మెట్టు వాడుకొందురు గాక. పింఛను దరఖాస్తునకు, భూమి నకలునకు మొదటి మెట్టు చాలును. ఆ పనులలో కాలము పట్టునది ప్రాసెసరు వలన కాదని వరుసలో నిలుచున్నవారందఱకు తెలిసినదే.

బేగంబజారు కొట్టు సంగతి ముగింపలేదు. యువకుడు ఆ యొక్క మాటను తీసివేసి మొదటి మెట్టునకు మరల కంపైలు చేసెను. పట్టిన కాలము రెండు నిమిషములు. ధనత్రయోదశి నాడు బిల్లు లచ్చుపడినవి. యువకుని యంత్రముపై ముందటి కూర్పునకును దీనికిని వేగములో భేద మెంత యని మేము కొలిపించితిమి. రోజు లెక్క ముగించుటలో కంటికి కనబడు తేడా లేదు. వర్తకుడు ఈ వ్యాఖ్యానములను సగము విని, ‘ఈ రెండు నిమిషముల పని రేపు నీవు ఊర లేనప్పుడు ఇంకొకడు చేయగలడా, బేటా?’ అని యడిగెను. మూలప్రతి యున్నచో ఎవడైనను చేయగలడని యువకుడు చెప్పెను. ఆయన అప్పుడే దానినొక పెన్‌డ్రైవులో వేయించి, ఇనుప పెట్టె తెరపించి, కొట్టు కాగితముల ప్రక్కన పెట్టించెను.