చీరకు 9,000 సార్లు!

ఫైనలియర్ ప్రాజెక్టును మా బ్యాచ్ నలుగురం తలా కొంత వేసుకుని కొనేశాం. షాపువాళ్లు రిపోర్టు కూడా బైండింగ్ చేసి ఇచ్చారు. తర్వాత ఓ ఇంటర్వ్యూలో ‘ఈ మోటారే ఎందుకు వాడారు?’ అని అడిగితే నోరు పెగల్లేదు. డబ్బాలో అదే వచ్చింది మరి! మీలో కొందరు ఈ నెలలో అలాంటి షాపు మెట్లే ఎక్కబోతుంటారు. ఎక్కేముందు చింతకింది మల్లేశం ఏం చేశారో ఒకసారి చూడండి.

ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. చేనేత కుటుంబం. పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దే ముందు ‘ఆసు’ పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఊగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఇది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది. మల్లేశం తల్లి లక్ష్మికి భుజం నొప్పులు అలా వచ్చినవే.

1992లో ఆయన యంత్రం మొదలుపెట్టారు. క్యాడ్ లేదు, ల్యాబ్ లేదు. చెయ్యి చేసే పనిని ముక్కలుగా విడదీసి, ఒక్కో కదలికనూ విడివిడిగా సాధించుకుంటూ వెళ్లారు. చేతిలో డబ్బుంటే ఒక పార్టు కొనడం, లేకపోతే ఆగడం. అప్పులయ్యాయి. ఊళ్లో ‘నీకెందుకీ పిచ్చి’ అన్నారు. హైదరాబాద్ వచ్చి ఎలక్ట్రికల్ పనుల్లో హెల్పర్‌గా చేరి, ఆ కూలి డబ్బులతోనే మళ్లీ పార్టులు కొన్నారు. చివరి కదలిక ఒకటి మాత్రం కొరుకుడు పడలేదు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడి ఓ మెషీన్‌లో అచ్చం అదే కదలిక కనిపించింది. అలా పూర్తయిందే లక్ష్మీ ఆసు యంత్రం. ఇప్పుడు చీరకు గంటన్నర చాలు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది.

కొంతమంది ఇలాంటి కథ వినగానే ‘డబ్బు లేకపోవడమే మంచిది, బుర్ర పనిచేస్తుంది’ అంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. డబ్బు లేకపోవడం ఆయనకు ఏడేళ్లు ఖర్చు పెట్టించింది. మెకానిజమ్స్ తెలిసిన లెక్చరర్ ఒకరు పక్కన ఉంటే ఆ చివరి కదలిక ఎప్పుడో తేలిపోయేదేమో! ఆ లెక్చరర్ మీ కాలేజీలో ఉన్నారు. ఆయన దగ్గర లేనివి మీ దగ్గరున్నాయి. ఆయనకు తెలిసింది మీకు తెలీదు: ఆ పని ఎక్కడ, ఎందుకు నొప్పి పుట్టిస్తోందో.

ఇంకో సంగతి. తక్కువ ఖర్చుతో చేసిన వస్తువుకు హద్దులూ ఉంటాయి. గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి మట్టితో ‘మిట్టికూల్’ ఫ్రిజ్ చేశారు. కరెంటు అక్కర్లేదు. నీళ్లు ఆవిరవుతూ లోపలి కూరగాయల్ని చల్లగా ఉంచుతాయి. ఐస్ మాత్రం కట్టదు. అదే సూత్రం కాబట్టి పొడిగాలి వీచే చోట బాగా పనిచేసేది, విశాఖ ఉక్కపోతలో అంతగా చెయ్యదు. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఇలాంటి ‘ఎక్కడ పనిచెయ్యదు’ పేజీ ఒకటి ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పకుండా ఆగి చదువుతారు.

మల్లేశం లాంటివాళ్లను వెతుకుతూ ‘పల్లె సృజన’ సంస్థ ఊళ్లలో నడిచే చిన్న శోధయాత్రలు చేస్తుంటుంది. వీలైతే ఒకసారి వాళ్లతో నడవండి. కుదరకపోతే ఈ సెలవుల్లో మీ ఊళ్లోనే ఒక పని దగ్గర పూటంతా కూర్చోండి. మిరప కోత కావచ్చు, ఇటుక బట్టీ కావచ్చు. నడుం ఎన్నిసార్లు వంగుతోందో, చెయ్యి ఎన్నిసార్లు ఊగుతోందో లెక్కపెట్టండి. రిపోర్టు మొదటి పేజీలో ఆ అంకె రాయండి. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.