చింతపండుతో తోమితే చరిత్ర చెరిగినట్లే

క్రీ.శ. 337 నుంచి 361 వరకు పాలించిన రోమన్ చక్రవర్తి రెండో కాన్‌స్టాంటియస్ రాగి నాణేలు సేకరణదారులకు నేటికీ చౌకగానే లభిస్తున్నాయి. గుర్రంపై నుంచి కూలుతున్న శత్రువును ఈటెతో పొడుస్తున్న సైనికుడి బొమ్మ వీటి ఆనవాలు. చుట్టూ 'మంచి రోజులు మళ్లీ వచ్చాయి' అనే అర్థంలో లాటిన్ అక్షరాలుంటాయి. 348 ప్రాంతంలో పెద్దవిగా వెలువడిన ఈ నాణేలు పోనుపోను చిక్కిపోయాయి. ఆ మంచి రోజులు ఏపాటివో దీన్నిబట్టే గ్రహించవచ్చు!

బొమ్మ దిగువనున్న పొట్టి అక్షరాలు టంకశాల ఏ నగరానిదో తెలుపుతాయి. మెరుపు కోసం చింతపండుతో తోమితే పైపొరతోపాటు అవీ చెరిగిపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నానబెట్టడమే మేలు. లేతాకుపచ్చ పొడి రాలుతున్న నాణేన్ని వెంటనే వేరుచేయాలి. అది లోహాన్ని తినేసే తెగులు.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయల్పడిన అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు వీటికి మూడు శతాబ్దాల ముందువి. భూమిలో దొరికిన నిధి విలువ రూ.10 దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి.