ఒక్కరోజు బంకు మానేస్తే పెట్రోలు ధర దిగుతుందా?

పెట్రోలు ధర ఎక్కినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక పిలుపు చక్కర్లు కొడుతుంది. ఫలానా తేదీన ఎవరూ బంకుకు వెళ్లొద్దు, కంపెనీలే దిగొస్తాయి అని. అమెరికాలో 1999 ఏప్రిల్ 30న ఇలాగే ఒకరోజు పెట్రోలు కొనొద్దని ఈమెయిళ్లు తిరిగాయి. అంతకుముందు నెలలో ఒపెక్ దేశాలు ఉత్పత్తి తగ్గించాలని తీర్మానించడంతో అక్కడ ధర ఎక్కింది. ఆ ఒక్కరోజు పిలుపుతో అది దిగలేదు.

ఎందుకు దిగదో బంకులోనే తెలిసిపోతుంది. పొద్దున్నే డిప్ రాడ్ దించి భూగర్భ ట్యాంకులో సరుకెంతుందో చూసుకుంటారు. తగ్గితే డిపోకు ఇండెంట్ పెడతారు, ట్యాంకర్ వస్తుంది. సోమవారం ఎవరూ రాకూడదని పిలుపిచ్చారనుకుందాం. కొందరు ఆదివారం సాయంత్రమే ఫుల్ ట్యాంక్ చేయించుకుంటారు, మిగతావాళ్లు మంగళవారం వస్తారు. బండ్లు ఎప్పట్లాగే తిరిగాయి కాబట్టి వారం మొత్తం అమ్మకంలో తేడా ఉండదు. ట్యాంకర్ ఒకరోజు ఆలస్యంగా వస్తుందంతే. ఆ రోజు ఖాళీగా కూర్చుని కుర్రాళ్లకు జీతాలిచ్చేది డీలరు. ధర పెట్టేది ఆయన కాదు.

మరి వాడకమే నిజంగా పడిపోతే? 2020 ఏప్రిల్‌లో అదీ చూశాం. లాక్‌డౌన్‌తో దేశంలో పెట్రోలు అమ్మకాలు సగానికి పైగా పడిపోయాయి. ఏ బహిష్కరణ పిలుపూ అంత చేయలేదు. ప్రపంచమంతటా గిరాకీ కుప్పకూలి, ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర మైనస్ 37.63 డాలర్లకు జారింది. మన బంకుల్లో మాత్రం ఆ చవక కనిపించలేదు. మే మొదటి వారంలో కేంద్రం లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు సుంకం పెంచింది. జనానికి దక్కాల్సిన తగ్గింపు ఖజానాకు చేరింది. జూన్ 7 నుంచి బంకు ధర కూడా రోజురోజుకూ పెరగసాగింది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

ధర దిగిన సందర్భాలూ ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 10న ఇంధన ధరలపై భారత్ బంద్ జరిగింది. అదే రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యాట్‌లో లీటరుకు 2 రూపాయలు తగ్గించింది. అంతకు ముందురోజే రాజస్థాన్ తగ్గించింది. అక్టోబర్ మొదట్లో కేంద్రం కూడా సుంకం కోసింది. ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. పన్ను వేసేవాళ్ల మీద ఒత్తిడి పడింది కాబట్టే ధర కదిలింది.

2021 నవంబర్‌లో కేంద్రం మళ్లీ సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా తగ్గించాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ తగ్గించలేదు. పుదుచ్చేరి తగ్గించింది. గోదావరి పక్కనున్న యానాం పుదుచ్చేరిదే కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికి వెళ్లి ట్యాంకు నింపించుకునేవాళ్లున్నారు. ఇది ఒకరోజు మానేయడం కాదు, కొనే చోటునే మార్చుకోవడం. అక్కడ పోసుకున్న ప్రతి లీటరు మీదా ఆంధ్రప్రదేశ్ వ్యాట్ పోగొట్టుకుంటుంది. అయితే ఆ వెసులుబాటు సరిహద్దు ఊళ్లవాళ్లకే. గుంటూరు ఆటోడ్రైవరుకు, ఖమ్మం రైతుకు పన్ను తగ్గితే తప్ప మరో దారి లేదు.