కామ్ అరిగిందా? బాగు చేయించాలా, మార్చేయాలా?

పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం ఎరువు బస్తా, సాయంత్రం సంతకు కూరగాయల మూట. ఒకప్పుడు ఎడ్ల బండి చేసిన పనిలో చాలా భాగం ఇప్పుడు మోటారు సైకిలే చేస్తోంది. అలాంటి బండి ఇంజిను పైభాగంలో ‘టకటక’ మొదలైతే రైతుకు దిగులే. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, ‘కామ్ పోయిందండీ’ అని. లేత్ షాపులో బాగు చేయిస్తే చవకలో పోతుందని ఒకరంటారు. కొత్తది వేసుకోమని ఇంకొకరంటారు. ఎవరి మాట వినాలి? జేబులో చెయ్యి పెట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

కామ్ చేసే పని

ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వచ్చేందుకు ఒక వాల్వు, పొగ పోయేందుకు మరో వాల్వు ఉంటాయి. వీటిని వేళకు తెరిపించేది కామ్‌షాఫ్ట్. ఈ కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలుంటాయి. గుబ్బ ముక్కు తగిలినప్పుడల్లా రాకర్ లేచి వాల్వును తొక్కుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజిను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 2,000 సార్లు తెరుచుకున్నట్టు. గంటకు లెక్కేస్తే 1,20,000 సార్లు. ఇంత రాపిడికీ అడ్డుపడేది పల్చని ఆయిల్ పొర ఒక్కటే.

రాజ్‌దూత్, యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్ళలో కామే ఉండదు. వాటిని చూసి ఎవరైనా కామ్ పోయిందంటే మాట్లాడకుండా ఇంకో షెడ్డుకు వెళ్ళండి.

చప్పుడల్లా కామ్‌ది కాదు

టైమింగ్ చెయిన్ వదులైనా, రాకర్ పిన్ను అరిగినా, ట్యాపెట్ గ్యాప్ పెరిగినా చప్పుడు వస్తుంది. అందుకే ముందు చల్లటి ఇంజిను మీద ట్యాపెట్లు సరిచేయించండి. చెయిన్ బిగువు చూపించండి. ఈ రెండింటికీ పెద్ద ఖర్చుండదు. చప్పుడు ఆగితే అక్కడితో సరి. కొద్ది రోజులకే మళ్ళీ మొదలైతే అప్పుడు కామ్‌ను అనుమానించాలి.

ఇక్కడో మెలిక ఉంది. గ్యాప్ కొలిచేది గుబ్బ వెనుక గుండ్రటి వైపు. అరిగేది ఎక్కువగా ముక్కు వైపు. కాబట్టి ఫీలర్ గేజి సరిగ్గా చూపించినంత మాత్రాన కామ్ బాగున్నట్టు కాదు. రాకర్ ముఖం గుంట పడితే గేజి ఆ గుంట మీదుగా అడ్డంగా నిలుస్తుంది. అసలు గ్యాప్ ఎక్కువున్నా తక్కువే ఉన్నట్టు చూపిస్తుంది.

లోపలికి గాలి వదిలే గుబ్బ అరిగితే బండి ఎత్తు ఎక్కలేదు, బరువు లాగలేదు. పొగ వదిలే గుబ్బ బాగా అరిగితే కార్బ్యురేటర్ వైపు నుంచి ‘టప్ టప్’ మని ఎదురు కొడుతుంది. నీలం రంగు పొగ ఒక్కటే కనిపిస్తుంటే చూడాల్సింది కామ్‌ను కాదు, పిస్టన్ రింగులను, వాల్వు సీళ్ళను.

కంటికీ గోటికీ దొరుకుతుంది

కామ్ బయటికి తీసినప్పుడు మీరు పక్కనే ఉండండి. గుబ్బ మీద గోరు నిలువుగా, అడ్డంగా గీయండి. నున్నగా జారితే, మెరుపు మాత్రమే ఉంటే భయం లేదు. గోరు తట్టుకుంటే పైపొర లేచిపోయినట్టే. నీలం, గోధుమ రంగు మచ్చలుంటే ఆయిల్ అందక కాలిందని అర్థం. ఆ తర్వాత మైక్రోమీటర్‌తో ముక్కు వైపు ఎత్తు, నడుము వైపు మందం కొలిపించండి. మొదటి దాన్నుంచి రెండోది తీసేస్తే వచ్చేదే గుబ్బ లేపే ఎత్తు. ఆ బండి సర్వీసు పుస్తకంలో కనీస కొలత ఉంటుంది. దానికంటే తగ్గితే కామ్ పనికిరాదు. కొలవకుండా ‘పోయింది’ అంటే ఒప్పుకోవద్దు.

బాగు చేయడమంటే ఏం చేస్తారు?

మొదటిది గ్రైండింగ్. ముక్కు అరిగినంత మేర నడుమును కూడా రుద్ది, పాత ఎత్తు తెప్పిస్తారు. అంటే గుబ్బ మొత్తంగా చిన్నదవుతుంది. ట్యాపెట్ స్క్రూ మరింత దింపాల్సి వస్తుంది. స్క్రూకు అంత మర లేకపోతే ఆ పని వృథా. చాలా కామ్‌లకు గట్టి పొర పైపైనే ఉంటుంది. ఆ పొర దాటి రుద్దితే లోపలి మెత్తటి లోహం బయటపడి కొద్ది నెలల్లోనే మళ్ళీ అరిగిపోతుంది.

రెండోది వెల్డింగ్. అరిగిన చోట గట్టి లోహం పోసి, మళ్ళీ ఆకారానికి రుద్దుతారు. వేడికి కడ్డీ వంగొచ్చు. పోత ఇనుముదైతే పగుళ్ళు రావొచ్చు. చెయ్యి తిరిగిన పనివాడు కాకపోతే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

కొందరు ఎమ్రీ కాగితంతో రుద్ది మెరిపించి ఇచ్చేస్తారు. ఇది బాగు చేయడం కాదు. ఉన్న ఎత్తును కూడా తగ్గించడం.

విజయవాడ, గాజువాక ఆటోనగర్‌ల వంటి చోట్ల ఇంజిను పనుల షాపులున్నాయి. అయితే క్రాంక్ గ్రైండింగ్ చేసే ప్రతివారూ కామ్ చేయలేరు. క్రాంక్ పిన్ను గుండ్రంగా ఉంటుంది, కామ్ గుబ్బ ఉండదు. దానికి నమూనా కామ్, వేరే మిషను కావాలి. నమూనా ఉందా, రుద్దాక గట్టిదనం పరీక్షిస్తారా, కొలతలు రాసి ఇస్తారా అని అడగండి. మూడింటికీ సరైన జవాబు రాకపోతే కామ్ అక్కడ వదిలి రావొద్దు.

ఏ బండికి ఏది మేలు?

1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ తరహా చిన్న బళ్ళకు కామ్‌లు ఇంకా దొరుకుతున్నాయి. వీటికి కొత్తదే మేలు. ఎందుకంటే ఇంజిను విప్పే కూలి, గ్యాస్కెట్ల ఖర్చు ఏ దారి పట్టినా ఒకటే. మిగిలేది కొత్త సామాను ధరకూ గ్రైండింగ్ చార్జీకీ మధ్య తేడా మాత్రమే. బాగు చేసింది ఆరు నెలల్లో పోతే విప్పే కూలి మళ్ళీ ఇవ్వాలి. ఆ నాలుగు రోజులూ పాలు కేంద్రానికి చేరేదెలా? అదీ లెక్కలో వేసుకోవాలి. మోడల్, సంవత్సరం చెప్పి, పాత కామ్ చేత పట్టుకెళ్ళి పోల్చుకుని కొనండి.

పాత ఇనుప ఇంజిను బుల్లెట్‌కు రెండు కామ్‌లు వేరువేరుగా ఉంటాయి. సామాను దొరుకుతుంది కాబట్టి దీనికీ మార్చడమే మంచిది. ట్యాపెట్ల అడుగు భాగం కూడా చూపించండి.

ఒకప్పటి డీజిల్ బుల్లెట్ సంగతి వేరు. దాని తయారీ ఏనాడో ఆగింది. సామాను దొరకనప్పుడు, ఇంజిను మిగతా భాగాలు గట్టిగా ఉన్నప్పుడు, అరుగుదల కొద్దిగానే ఉంటే గ్రైండింగ్‌కు ఇవ్వడంలో అర్థముంది. క్రాంక్, పిస్టన్ కూడా చివరి దశకొస్తే మాత్రం కోడి కంటే మసాలా ఎక్కువైనట్టే.

ఏ దారి పట్టినా రాకర్లను వదిలేయొద్దు. గుంటపడ్డ పాత రాకర్ కొత్త కామ్‌ను తినేస్తుంది. రెండూ కలిపి చూడాల్సిందే.

ఎందుకు అరిగింది?

ఇది తేల్చకపోతే కొత్త కామ్ కూడా అదే దారి పడుతుంది. హెడ్‌కు ఆయిల్ వెళ్ళే రంధ్రం పూడిందేమో, ఆయిల్ పంపు పనిచేస్తోందో లేదో చూపించండి. చిన్న బళ్ళలో పట్టే ఆయిల్ లీటరులోపే. అందులో కొంచెం తగ్గినా ముందు ఎండేది పైభాగమే. వారానికోసారి పుల్ల తీసి మట్టం చూడండి. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిల్ మిగిలిందని బండిలో పోయొద్దు. డబ్బా మీద 4టీ, జాసో ఎంఏ అని ఉన్న ఆయిలే వాడండి. క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి తేడా వస్తే అదీ జారుతుంది.

బస్తా దించేటప్పుడు, గట్టు మీద కబుర్లు చెప్పేటప్పుడు ఇంజిను ఆపేయండి. నెమ్మదిగా తిరిగేటప్పుడు కామ్ ముక్కు మీద ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ పొర పల్చన.

పాత కామ్‌ను మెకానిక్ దగ్గర వదలకుండా ఇంటికి తెచ్చుకోండి. మార్చారో లేదో తెలుస్తుంది. మళ్ళీ కొనాల్సి వస్తే పోల్చుకోవడానికీ పనికొస్తుంది.