నోటికి కప్పు పడేదెలా?

నాలుకతో పై పళ్ళ వెనకాల ఒకసారి తడిమి చూడండి. గట్టిగా, గతుకులుగా తగిలేదే అంగిలి. నోటికీ ముక్కుకీ నడుమ అదే అడ్డు. అది మూసుకోకపోతే పసిబిడ్డ పాలు చప్పరించలేదు, తాగిన చుక్క ముక్కులోంచి వస్తుంది. ఈ కప్పు ఒక్క ముక్కగా పుట్టదు. రెండు చెక్కలు వచ్చి కలిస్తే ఏర్పడుతుంది. ఆ సంగతులు చాలామటుకు తెలిసింది చిట్టెలుక పిండాల వల్లనే.

మా రైతు కుటుంబాల్లో ఎలుకంటే పగ. గట్లకు బొక్కలు పెట్టి, వరి వెన్నులు కోసి కన్నాల్లో దాచుకునే జాతి! బుట్టలు పెట్టి పట్టిస్తాం. ప్రయోగశాలలో మాత్రం చిట్టెలుకకు గొప్ప మర్యాద. దాని గర్భం 19, 20 రోజుల్లో ముగుస్తుంది కనుక ఏ రోజు ఏమి జరిగేదీ లెక్క కట్టవచ్చు.

పన్నెండో రోజు ప్రాంతంలో పై దవడ మొగ్గల నుంచి రెండు పక్కలా ఫలకాలు మొలుస్తాయి. విచిత్రమేమంటే అవి అడ్డంగా పెరగవు. నాలుకకు అటూ ఇటూ నిలువుగా కిందికి వేలాడతాయి. మధ్యలో నాలుక నిండుగా ఉంది, దారి లేదు మరి. పద్నాలుగో రోజు ప్రాంతంలో కొద్ది గంటల్లోనే పైకి లేచి నాలుక మీదుగా అడ్డంగా పరుచుకుంటాయి. ఎలా లేస్తాయి? ఫలకంలో హయలురోనిక్ ఆమ్లం పోగై నీటిని పీల్చుకుంటుంది. నానబెట్టిన శనగల్లాగా ఫలకం ఉబ్బి బిగుస్తుంది. అదే సమయానికి కింది దవడ పెరిగి, నాలుక దిగి చోటిస్తుంది. కణాల కదలికలూ తోడవుతాయి. ఒక్క కారణమే చెప్పమంటే నేను చెప్పను.

అంచులు తాకినంత మాత్రాన పని కాదు. ప్రతి అంచు మీదా ఉపకళ పొర ఉంటుంది. రెండు పొరలూ అతుక్కుని కుట్టులా ఏర్పడి, అందులోని కణాలు చచ్చిపోయో, పక్కకు జరిగో మాయమైతేనే లోపలి కణజాలం ఏకమవుతుంది. బెరడు చెక్కకుండా అంటు కడితే కొమ్మలు అతుకుతాయా? ఇదీ అంతే. టిజిఎఫ్ బీటా 3 అనే ప్రోటీను జన్యువు లేని చిట్టెలుకల్లో ఫలకాలు లేచినా కలవవని 1995లో తేలింది. ఆ పిల్లలు పాలు తాగలేక రోజులోపే చనిపోతాయి.

1951లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ఫ్రేజర్, ఫెయిన్‌స్టాట్‌లు చూడి చిట్టెలుకలకు కార్టిసోన్ ఇచ్చిన ప్రయోగం ప్రకటించారు. ఒక వంశంలో ఇంచుమించు పిల్లలన్నిటికీ అంగిలి చీలింది. మరో వంశంలో ఐదింట సుమారు ఒకదానికే. మొదటి వంశంలో ఫలకాలు లేవడమే సహజంగా ఆలస్యమని తరవాత తెలిసింది. నాట్లు ఆలస్యమైన మడి చిన్న దెబ్బకే పోతుంది కదా!

మనిషి పిండంలోనూ ఇదే వరస. ఎనిమిదో వారం ప్రాంతంలో ఫలకాలు లేస్తాయి, పన్నెండో వారానికల్లా కప్పు పడిపోతుంది. పెదవి కలవడం అంతకంటే ముందే అయిపోతుంది. మన ఊళ్ళల్లో ఈ చీలికల్ని గ్రహణం మొర్రి అంటారు. గ్రహణం వేళ తల్లి కూర తరిగిందనో, బయటికొచ్చిందనో నింద. మా వీధిలో ఒక అక్క ఆ మాట ఏళ్ళ తరబడి పడుతోంది. ఆవిడకు గ్రహణం వచ్చింది ఏడో నెలలోనట. అప్పటికి బిడ్డ అంగిలి సంగతి తేలిపోయి మూడు నెలలు దాటింది.