రిజిస్టరులో మన పాప పేరుందా?

వికారాబాద్‌లోనో, తాండూరులోనో మీరుండే గల్లీలో అయిదేళ్లలోపు పిల్లలు ఎందరు? వారిలో కిందటి నెల ఎందరిని తూకం వేశారు? జిల్లా అధికారులకు ఈ సంగతి తెలియాలంటే ముందు అది మీ వీధి అంగన్‌వాడీ టీచరు రిజిస్టరులో ఉండాలి.

1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. మొదలైంది. 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం అన్నది లెక్క. గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లలు ఎందరని టీచరు ఇంటింటికీ తిరిగి రాసుకున్న దాన్నిబట్టే బాలామృతం, గుడ్లు వస్తాయి. 2021 నుంచి ఆ వివరాలు ఫోనులో పోషణ్ ట్రాకర్‌లోకీ ఎక్కుతున్నాయి. పుస్తకమైనా ఫోనైనా, పేరు లేని బిడ్డకు వాటా లేదు.

పేర్లు జారిపోయే దారులు చాలా ఉన్నాయి. తాండూరు నాపరాళ్ల పనివారు అద్దె ఇళ్లు మారుతుంటారు. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన కోడలు నాలుగైదు నెలల బిడ్డతో తిరిగొస్తుంది. అక్కడి పుస్తకంలోని పేరు అత్తవారి ఊరికి దానంతటదే నడిచిరాదు కదా! ఇంట్లో మాట ఉర్దూ, కేంద్రంలో తెలుగు అని సంకోచించే తల్లులూ లేకపోలేదు.

పేరు రాయించడంతో సగం పనే అయినట్టు. అసలు పని తూకం. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం చార్టు ఉంటుంది. నెలకో చుక్క పెట్టి, చుక్కలు కలిపితే గీత. గీత పైకి సాగితే సరే. అడ్డంగా సాగితే మాత్రం, బిడ్డ నవ్వుతూ ఆడుకుంటున్నా, తిండి చాలకో జబ్బువల్లో ఎదుగుదల ఆగినట్టు. ఆరు నెలలు దాటిన బిడ్డకు దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.

"మా ఖాందాన్‌లో అందరూ ఇంతే, పొట్టివాళ్లం" అని పెద్దలు తేలిగ్గా తీసేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఈ చార్టులు వెలువరించే ముందు ఆరు దేశాల పిల్లలను కొలిచింది. అందులో మన ఢిల్లీ పిల్లలున్నారు, మస్కట్ పిల్లలున్నారు, నార్వేవారూ ఉన్నారు. తల్లిపాలు, సరైన తిండి, శుభ్రత అందిన చోటల్లా చిన్నారులు దాదాపు ఒకే తీరున పెరిగారు. కాబట్టి తప్పంతా వంశానిదని సరిపెట్టుకోకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు ప్రతి 100 మందిలో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో 28 మంది. 2019-21 నాటికి 33 మంది. అయితే ఆ 33 మందిలో మీ గల్లీవారెవరో ఈ సర్వే చెప్పదు. అది చెప్పగలిగింది టీచరు దగ్గరి చార్టే.

ఈ నెల తూకం ఏ రోజో కేంద్రంలో అడగండి. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకోండి. పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగినవారికి చంటిబిడ్డ ఉంటే ఆ తల్లినీ పిలుచుకు వెళ్లండి.