లింఫోమా పరిశోధనలో ఎవరి రక్తం ప్రమాణం?

రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లు అనే రకం అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే కాన్సర్‌ను లింఫోమా అంటారు. మెడలోనో చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని బిళ్ళగా బయటపడే ఈ జబ్బు నిజానికి డజన్ల కొద్దీ జబ్బుల సమూహం, ఆ రకాలు అన్ని దేశాల్లోనూ ఒకే పాళ్ళలో కనిపించవు. ముక్కు లోపల పుట్టే ఎన్‌కె/టి-సెల్ లింఫోమా చైనా, కొరియా, జపాన్లలో తరచుగా ఎదురయ్యేదైతే, నెమ్మదిగా పెరిగే ఫాలిక్యులర్ లింఫోమా యూరప్, అమెరికాల్లో ఎక్కువ. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2,773 మంది భారతీయ రోగుల కణితులను పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇక్కడ ఫాలిక్యులర్ రకం పాశ్చాత్య దేశాల కంటే తక్కువగానే ఉన్నా, ముక్కులో పుట్టే రకం తూర్పు ఆసియాలో ఉన్నంతగా లేదు. అంటే ఆసియావాసులందరినీ ఒకే గాటన కట్టి వేసిన లెక్క భారతీయుల విషయంలో సరిపోదు.

ఈ తేడాల మీద ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికాలో. వేగంగా పెరిగే రకాల్లో అతి సాధారణమైన డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అక్కడి నల్లజాతీయులకు శ్వేతజాతీయుల కంటే చిన్న వయసులోనే వస్తుందనీ, ముదిరిన దశలో బయటపడుతుందనీ, వారిలో దీర్ఘకాలం బతికేవారు తక్కువనీ జాతీయ నమోదు పట్టికలు చాలాకాలంగా చూపుతున్నాయి. కారణం జన్యువులేనని తేల్చేయడం తొందరపాటు. నార్త్ కరోలినాలోని లెవైన్ కాన్సర్ సంస్థలో రోగులకు చికిత్స సమానంగా అందేలా చూస్తూ, దారి చూపడానికి నర్సులను తోడుగా ఉంచినప్పుడు అల్పసంఖ్యాక వర్గాల రోగులు ఇతరులతో సమానంగా కోలుకున్నారని 2021లో వెలువడిన అధ్యయనం తెలిపింది. బీమా, ఆసుపత్రి దూరం, జబ్బు ఆలస్యంగా గుర్తించడం అనేవి ఎంత బలమైన కారణాలో, మెడ బిళ్ళను క్షయగా భావించి నెలల తరబడి మందులు వాడిన తర్వాత అసలు జబ్బు తెలుసుకునే రోగులున్న మన దేశంలో వేరుగా చెప్పనక్కర్లేదు.

అయినా శరీరంలో తేడాలు లేకపోలేదు. అవి హాని చేస్తున్నది చాలాసార్లు జబ్బులో కాదు, వైద్యం వాడే కొలతల్లో. ఉదాహరణకు, ఎర్రకణాల మీద డఫీ అనే ప్రోటీను ఉంటుంది, వైవాక్స్ మలేరియా క్రిమి దాన్ని పట్టుకునే కణంలోకి చొరబడుతుంది. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న అత్యధికుల ఎర్రకణాల మీద ఆ ప్రోటీను లేదు, మలేరియా నుంచి కాపాడినందువల్లే ఈ లక్షణం తరతరాలుగా నిలిచిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాని వల్ల క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల సంఖ్య రక్తంలో సహజంగానే తక్కువగా ఉంటుంది, కానీ రోగనిరోధక శక్తికి లోటు ఉండదు. అయితే ఎంత సంఖ్య ఉంటే మామూలు అన్న గీతను గీసింది ప్రధానంగా యూరప్ మూలాలున్నవారి రక్తాన్ని చూసి. ఆ గీత ప్రకారం మైక్రోలీటరుకు 1,500 న్యూట్రోఫిల్స్ ఉండాలని నియమం పెట్టిన ఔషధ ప్రయోగాల్లో ఆరోగ్యవంతమైన ఎముక మజ్జ ఉన్నవారికి కూడా చోటు దొరకదు, కీమోథెరపీ మోతాదు తగ్గించడమో వాయిదా వేయడమో జరుగుతుంది. నయం కావలసిన జబ్బులో మోతాదు తగ్గడం చిన్న విషయం కాదు.

భారతీయులకు నేరుగా తగిలే ఉదాహరణ మరొకటి ఉంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లింఫోమాకు రక్త కాన్సర్ చికిత్సనే అనుసరిస్తూ, మెర్కాప్టోప్యూరిన్ మాత్రలు సుదీర్ఘకాలం ఇస్తారు. ఈ మాత్ర ఎవరికి పడదో ముందే తెలుసుకోవడానికి యూరోపియన్లలో ముఖ్యమైన టిపిఎంటి అనే జన్యువును పరీక్షించడం అలవాటైంది. కొరియా రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితంగా ఎన్‌యుడిటి15 అనే మరో జన్యువులో మార్పు ఉన్నవారిలో కూడా ఈ రకం మందు మజ్జను దెబ్బతీస్తుందని 2014లో బయటపడింది. తూర్పు ఆసియావారిలోనూ దక్షిణ ఆసియావారిలోనూ గణనీయంగా ఉన్న ఆ మార్పు యూరోపియన్లలో అరుదు కనుకనే అంతవరకు ఎవరి కంటా పడలేదు. ఎవరి రక్తాన్ని పరీక్షిస్తే వారి ప్రమాదమే కదా తెలిసేది.

కణితుల విషయంలోనూ ఇదే పరిస్థితి. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమాను జన్యుమార్పులను బట్టి ఉపరకాలుగా విడదీసిన 2018 నాటి ప్రసిద్ధ అధ్యయనాలకు ఆధారమైన నమూనాల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవారివే. నల్లజాతి, లాటినో రోగులను కూడా తగినంతగా చేర్చుకోవాలన్న ఉద్దేశంతో అమెరికాలో 2015లో మొదలైన లియో అనే బృహత్ అధ్యయనం ఈ కొరతను కొంత పూడుస్తోంది. అయితే అక్కడ స్థిరపడిన తెలుగువారు చాలా పట్టికల్లో ఇప్పటికీ జపనీయులు, చైనీయులతో కలిసి ఆసియా అనే ఒకే గడిలో ఉన్నారు.

ఆ గడి ఎంత ఇరుకైనదో తెలుగు నేల మీదే రుజువైంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సలో కండరాలను సడలించే మందు ఇస్తే, దాన్ని విరిచే ఎంజైము లోపించి చాలాసేపు ఊపిరి తీసుకోలేకపోవడం మత్తువైద్యులకు తెలిసిన విషయమే. తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే సమూహంలో ఒక జన్యుమార్పు పేరుకుపోవడమే దానికి మూలం. హైదరాబాదులోని సిసిఎంబి పరిశోధనా సంస్థ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా పథకం ఇలాంటి సమూహాల నుంచి సుమారు 10,000 మంది జన్యుక్రమాన్ని నమోదు చేసింది. అది జనాభా పటం మాత్రమే, అందులో కాన్సర్ కణితులు లేవు. బయాప్సీలో తీసిన కణితి ముక్కనూ, రోగి రక్తంలోని జన్యుక్రమాన్నీ, చికిత్సకు అతడు ఎలా స్పందించాడన్న వివరాన్నీ ఒకచోట చేర్చిన నమోదులు మన ఆసుపత్రుల్లో పెరిగితేనే, ఆ పటం లింఫోమా వైద్యుడి చేతికి పనికొస్తుంది.